గాలి లేస్తే మెయిన్ దించే ఊళ్లో

జయశీలకు నోరెక్కువని పాలెంలో అందరూ అంటారు. ఆమె కాదనదు. తన కుర్చీలో ఒక్క వానాకాలం కూర్చుంటే ఎంత మెత్తటి మనిషికైనా నోరు లేస్తుందని మాత్రం అంటుంది. అందులో అబద్ధం లేదు.

జువ్వలదిన్నె రేవుకు కూతవేటు దూరంలో బోట్ల సంఘానికి రెండు గదుల ఆఫీసు ఉంది. ముందు గది ప్రెసిడెంటు హజరత్తయ్యది, వెనక గది జయశీలది. సంఘంలోని ప్రతి బోటులోనూ ఒక చిన్న పెట్టె బిగించి ఉంటుంది. బోటు ఎక్కడుందో ఆ పెట్టె ఎప్పటికప్పుడు వెనక గదిలోని కంప్యూటరుకు చెబుతూ ఉంటుంది. చెప్పినదంతా సముద్రం పటం మీద ఆకుపచ్చ చుక్కలుగా కనపడుతుంది. ఇక్కడి నుంచి రెండు ముక్కలు రాసి పంపితే అక్కడి పెట్టెలో పడతాయి, వాళ్లూ జవాబు కొట్టవచ్చు. సముద్రం మీద ఫోన్లు మూగబోయాక మిగిలే మాట అదొక్కటే.

కావలిలో డిప్లొమా చదివి, చెన్నైలో ఒక కంపెనీ సర్వర్ల గదిలో కొన్నేళ్లు పనిచేసి, ఆ కంపెనీ గదిని ఎత్తేశాక జయశీల సొంత ఊరు చేరింది. చెన్నైలో ఆమె నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఒకటే. కంటికి కనపడే పెట్టె ఒకటే అయినా దాని కడుపులో వేరువేరు మిషన్లు నడుస్తుంటాయి. వాటిని వర్చువల్ మిషన్లు అంటారు. ఇక్కడ సంఘం పెట్టెలోనూ అలాంటివి మూడున్నాయి. బోట్ల పటం గీసేది ఒకటి, కబుర్లు పంపేది ఒకటి, డీజిలు, ఐసు లెక్కలు చూసేది ఒకటి. దేని బతుకు దానిది. ఆపాలంటే ముందు లోపలి మూడింటినీ ఒక్కొక్కటిగా నిద్రపుచ్చి, ఆ తర్వాత పెద్ద పెట్టెను ఆపి, చివరికి కరెంటు తీయాలి. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతిని ఈ ఊరి బుర్రల్లోకి ఎక్కించలేక ఆమెకు చిన్న వయసులోనే తల నెరిసింది.

"ఇందులో మూడు మిషన్లు ఉండాయి మామా" అని మొదటిరోజే హజరత్తయ్యకు చెప్పింది.

ఆయన పెట్టె చుట్టూ తిరిగి చూశాడు. "యాడుండాయి మ్మే? నాకు ఒకటే అగపడతా ఉండాది."

"అగపడవు మామా. లోపలుంటాయి."

"అగపడందానికి ఏమయిద్దిలే" అన్నాడాయన చల్లగా.

ఆమెకు అప్పుడే చిర్రెత్తింది. "వేట మధ్యలో ఉండే బోటును ఎవుడో వచ్చి గుంజి ఇసకలో పారేస్తే నీకు ఒప్పుదలేనా? వల లాక్కోవాల, చేపను ఐసులో వెయ్యాల, మనుషులు దిగాల, అప్పుడు గదా బోటు కట్టేసేది? ఇదీ అంతే. ముందు నన్ను పిలువు, ఆ తర్వాతే కరెంటు ముట్టుకో" అంది. ఆయన తలూపాడు. తలూపడానికేం, ఎన్నిసార్లయినా ఊపుతాడు.

చిక్కంతా ఎక్కడంటే, ఆ ఊరికి ఒక అలవాటుంది. గాలి లేచిందంటే మెయిన్ దించేయాలి. అది ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. సముద్రం మీద మబ్బు నల్లబడి ఇసుక లేవడం మొదలుపెడితే, ఇంటింటా ఒకరు లేచి వెళ్లి స్విచ్ కిందికి లాగేస్తారు. వెనకటి తుఫానులో తెగిన తీగ తగిలి ముగ్గురు పోయారు. వాళ్లలో హజరత్తయ్య తమ్ముడొకడు. ఆ రోజు నుంచి ఆయన చెయ్యి గాలి చప్పుడుకే బోర్డు వైపు పోతుంది. ఆ చేతికి బుద్ధి చెప్పడం కష్టమని జయశీలకూ తెలుసు. చిన్నప్పుడు వాళ్లింట్లో స్టూలెక్కి మెయిన్ దించే పని ఆమెదే.

అందుకే ఆమె బోర్డు మీద ఎర్ర అక్షరాలతో కాగితం అంటించింది. దాని మీద ఎవరో రొయ్యల మేత కంపెనీ క్యాలెండరు తగిలించారు. కరెంటు పోయినా కాసేపు నిలబెట్టే యూపీఎస్ కొనిపించింది. పెద్ద డిస్కు కావాలని అడిగింది. ఇప్పుడున్నది నిండిపోవచ్చిందని, చోటు లేకపోతే రేపు అవసరానికి ఒక నకలు కూడా తీసుకోలేమని మొత్తుకుంది. సంఘంవాళ్లు తర్జనభర్జన పడి డిస్కుకు బదులు ముందు గదిలో గోడంత టీవీ పెట్టించారు. బోట్ల పటం అందరికీ కనపడుతుందట. వచ్చినవాళ్లంతా టీ తాగుతూ ఎవరి చుక్క ఎక్కడుందో చూసుకుని మురిసిపోయారు. జయశీల ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. చూసేవాళ్లకు అదొక వింత.

అయినా తన జాగ్రత్తలో తనుంది. గంగమ్మ కొలుపుకు వేట మాని బోట్లన్నీ దరికి చేరినప్పుడు ఆమెకు తీరిక దొరికింది. సముద్రంలో ఒక్క బోటూ లేదు కాబట్టి పటం మిషన్‌ను పద్ధతిగా ఆపి, ఒక స్నాప్‌షాట్ తీసిపెట్టింది. ఆ క్షణాన మిషన్ ఎలా ఉందో, అందులో ఏమేముందో, ఉన్నది ఉన్నట్టు పట్టి దాచడమే స్నాప్‌షాట్. ఎప్పుడైనా మిషన్ చెడితే మళ్లీ ఆ క్షణానికి తీసుకుపోవచ్చు. కాకపోతే ఒక్కటే ముల్లు. వెనక్కి పోయామంటే, ఆ తర్వాత జరిగినదేదీ ఆ మిషన్‌కు గుర్తుండదు.

కొలుపయ్యాక బోట్లు వేటకు పోయాయి. జయశీల తమ్ముడు చిన్నా కూడా పోయాడు. పోయిన కొద్దిరోజులకు వాయుగుండం అన్నారు, జయశీల వెనక్కి రమ్మని అన్ని బోట్లకూ కబురు కొట్టింది. ఆ పొద్దున ఒక్కొక్క చుక్కా దరివైపు తిరుగుతుంటే, చిన్నా ఉన్న బోటు చుక్క మాత్రం పచ్చదనం పోయి బూడిదరంగుకు మారింది. పెట్టె మాట్లాడటం మానేసిందన్నమాట. అయితే ఆఖరిసారి ఎక్కడి నుంచి మాట్లాడిందో మిషన్‌లో భద్రంగా ఉంది. ఆగ్నేయంగా, చాలా లోపలికి. అంకెలు రాసుకుందామని ఆమెకు తట్టలేదు. మిషన్ ఉండగా చేత్తో రాసుకోవడమేమిటి?

ఆ బోటు బ్యాటరీ సంగతి కనుక్కుందామని రేవులోని మెకానిక్కు దగ్గరికి పరుగెత్తింది. "పాతది అక్కా. మార్చమని సరంగుకు చెప్పినా, వచ్చినాక చూస్తాలే అన్నాడు" అన్నాడు మెకానిక్కు. ఆమె వాణ్ణీ, బోటు నడిపే సరంగునూ కలిపి తిడుతుండగానే ఇసుక లేచింది. ఒంటిమీది చీర కొంగు నిలవలేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, ఆఫీసులో హజరత్తయ్య ఒక్కడే ఉన్నాడని.

పరుగెత్తి వచ్చేసరికి వెనక గది నిశ్శబ్దంగా ఉంది. సర్వరు ఫ్యాను చప్పుడు లేదు.

"మెయిన్ దించినావా?"

"దించక? గాలి జూడు ఎట్టా ఉండాదో."

"మరి యూపీఎస్ ఉండాదే! అది కాసేపు నిలబెట్టాల గదా! నేనొచ్చి లోపలివి ఆపేదాకా అయినా ఉండాల గదా!"

"అదా? ఒకటే కూత పెడతా ఉంటే బటన్ పట్టుకుని ఆపేసినా" అన్నాడు హజరత్తయ్య, ఏడ్చే పిల్లను నిద్రపుచ్చినవాడిలా.

నిన్ను పిలవడానికే మామా అది కూసింది అని చెప్పాలనిపించింది జయశీలకు. చెప్పి ఏం లాభం? కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదు, ఉడుకుమోతు నీళ్లు. జనరేటరు వేయించి సర్వరును లేపింది. కబుర్ల మిషన్ లేచింది, లెక్కల మిషన్ లేచింది. పటం మిషన్ లేవలేదు. ఏదో రాసుకుంటుండగా కరెంటు పోయింది కాబట్టి లోపలి రికార్డులు సగంలో తెగిపోయాయి. బాగు చేసే ప్రోగ్రాం పెట్టింది. అది కాస్త దూరం పోయి చతికిలబడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ అక్కడే పడింది.

ఇంతలో కోస్ట్‌గార్డువాళ్ల ఫోన్. మీ బోట్లు ఎక్కడెక్కడున్నాయో చెప్పండి, దగ్గర్లో మా ఓడ ఉంది, ఎవరిని ముందు చూడమంటారు? చెబుతానండి, కాసేపు ఆగండి అంది జయశీల. ముందు గదిలోకి ఊరు ఊరంతా చేరింది. గోడంత టీవీ నల్లగా ఉంది. జనం మధ్యలో ఆమె తల్లి చెంచమ్మ తెరకు ఎదురుగా కూర్చుని ఉంది.

దారి ఒక్కటే ఉంది. గంగమ్మ కొలుపునాటి స్నాప్‌షాట్‌కు వెనక్కి పోతే పటం వెంటనే లేస్తుంది. పెట్టెలు మాట్లాడే ప్రతి బోటూ ఇప్పుడెక్కడుందో చెబుతుంది. కానీ ఈ పొద్దున చిన్నా బోటు ఆఖరిసారి చెప్పిన చోటు, చెడిపోయిన ఈ మిషన్‌లోనే ఎక్కడో ఉంది. వెనక్కి పోతే అది చెరిగిపోతుంది. రెంటినీ పక్కపక్కన ఉంచుకోవడానికి డిస్కులో చోటు లేదు. పాడైనదాన్ని బయటికి తీసి దాచాలంటే పొద్దుగూకుతుంది. పెద్ద డిస్కు అడిగితే టీవీ కొన్నారు. ఆ టీవీని ఈడ్చి రోడ్డున పారేయాలన్నంత కోపం వచ్చింది. చిన్నా బోటు మూగది, మిగిలిన బోట్లు మాట్లాడుతున్నాయి. వాటిలో ఉన్నదీ ఎవరో ఒకరి తమ్ముళ్లే.

ఆగ్నేయంగా, చాలా లోపలికి. అంతకుమించి గుర్తులేదు. ఎంత గింజుకున్నా గుర్తురాలేదు.

జయశీల కళ్లు మూసుకోలేదు, దేవుణ్ణీ తలచుకోలేదు. హజరత్తయ్యను ఒక బూతు తిట్టి, వెనక్కి పోయే బటన్ నొక్కింది.

ముందు గదిలో ఒక్కసారిగా అరుపులు. టీవీ వెలిగింది. పటం వచ్చింది. ఆకుపచ్చ చుక్కలన్నీ రేవులో గుంపుగా ఉన్నాయి, సముద్రం ఖాళీగా ఉంది.

"అందరూ దరికొచ్చేసినారు రా!" అని ఎవరో గట్టిగా అరిచారు. చప్పట్లు కొట్టారు. హజరత్తయ్య చేతులెత్తి మొక్కాడు. చెంచమ్మ లేచి తెర దగ్గరికి వెళ్లి, చిన్నా బోటు పేరున్న చుక్క మీద వేలు పెట్టి, కొంగు దులుపుకుని రేవుకు బయలుదేరింది.

జయశీల అడ్డం పడింది. "అమ్మా, యాడికి పోతా ఉండావు? అది ఇప్పటిది కాదు. కొలుపునాటిది."

"ఏంది కొలుపునాటిది? అగపడతా ఉండాడు గదా."

"అప్పుడు ఎట్టుండిందో అది చూపిస్తా ఉండాది. నేనే ఆ రోజుకు తీసకపోయినా. కూర్చో, ఇప్పుడు మారిపోయిద్ది."

నిజంగానే మారింది. కొత్త సంకేతాలు రావడం మొదలైంది. ఒక్కొక్క చుక్కా రేవులో మాయమై సముద్రం మధ్యలో తేలింది. చుక్క ఎగిరిన ప్రతిసారీ జనంలో ఒక ఆడమనిషి గొంతు కెవ్వుమంది. ఇప్పటిదాకా ఇంటికొచ్చిన మగవాళ్లు కళ్లముందే నీళ్లలోకి వెళ్లిపోతున్నారు. జయశీల ఆ అంకెలన్నీ ఓడవాళ్లకు చదివి చెబుతూనే ఉంది. చివరికి రేవులో ఒక్క చుక్క మిగిలింది. చిన్నా బోటుది. అది కదల్లేదు. పచ్చగా, చక్కగా జెట్టీకి కట్టేసినట్టు అక్కడే ఉంది.

"చూడు, వాడు మాత్రం ఉండాడు" అంది చెంచమ్మ.

"లేడమ్మా. వాడి పెట్టె చచ్చిపోయింది. అందుకని కదల్లా."

"మరి యాడుండాడు?"

"పొద్దున చెప్పినాడు. ఆ చోటు ఇందులో ఉండింది. దీన్ని లేపాలంటే దాన్ని చెరపాల్సి వచ్చింది."

చెంచమ్మ కూతురి వైపు తిరిగింది. "నువ్వు చెరిపినావా?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది.

జయశీల వెనక గదిలోని కుర్చీలోకి పోయింది. ఆగ్నేయంగా ఉన్న చుక్కలు వెతికింది. చాలా లోపలికి ఒకటే ఉంది, మస్తానయ్య బోటు. మస్తానయ్య ముసలి సరంగు. చిన్నావాళ్లు ఎప్పుడూ ఆయన కనుచూపులోనే వల వేస్తారు. తను రమ్మన్నాక కూడా అందరికన్నా వెనక ఆయన ఎందుకున్నట్టు? కబురు కొట్టింది. చిన్నా బోటు నీకు కనపడిందా మామా?

జవాబు రాలేదు. గాలి తలుపులను బాదుతోంది. హజరత్తయ్య చెయ్యి అలవాటుగా బోర్డు వైపు పోయింది. జయశీల లేచి ఆ చేతిని పట్టుకుని, ప్రెసిడెంటు అని కూడా చూడకుండా కుర్చీలో కూలేసింది. ఇంకోసారి కబురు కొట్టింది. ఇంకోసారి.

చాలాసేపటికి మస్తానయ్య జవాబు వచ్చింది. ఇంజను పోయింది వాళ్లది. మోకు కట్టి లాక్కొస్తా ఉండాను. మాటిమాటికీ అడగబాక, పని చేసుకోనీ.

జనం గోల చేశారు. జయశీల ఆ చోటును ఓడవాళ్లకు చెప్పి, బల్ల మీద తల వాల్చేసింది.

మిగతా బోట్లు రాత్రికే వచ్చేశాయి, మర్నాడు తెల్లారాక ఈ రెండూ ఒకే మోకున దరికి చేరాయి. చిన్నా నానిన గువ్వలా దిగాడు. జయశీల వాణ్ణి చూడగానే బ్యాటరీ మార్చుకోనందుకు నాలుగు తిట్టి, ఆ తర్వాత చొక్కా పట్టుకుని ఏడ్చింది. హజరత్తయ్య మాత్రం జనంతో, "చూస్తిరా, అంతా బాగానే ఉండాది గదా, ఊరికే గొంతు చించుకుంటది" అంటున్నాడు.

ఇంటి దగ్గర చెంచమ్మ కొడుక్కి వేడన్నం పెట్టింది. కూతురికీ పెట్టింది. కొడుకు తిని పడుకున్నాక గిన్నెలు సర్దుతూ, అటు తిరిగే అడిగింది.

"మస్తానయ్య పక్కన లేకపోయుంటే?"

జయశీల ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. ఎవరికైనా ఏ మాటకైనా ఠక్కున బదులిచ్చే మనిషి. మెత్తగా సర్దిచెప్పవచ్చు. ఏదో ఒకటి చేసేదాన్నిలే అనవచ్చు. కానీ ఆ పని చేతకాలేదు.

"అప్పుడైనా నొక్కేదాన్నే అమ్మా."

చెంచమ్మ గిన్నె కడిగి బోర్లించింది. ఆ రోజూ, ఆ తర్వాతా కూతురితో మాటలు తగ్గించేసింది. కూర ఉందా, ఉప్పు చాలిందా, అంతవరకే. జయశీలకు ఆ మౌనం హజరత్తయ్య పది తప్పులకన్నా ఎక్కువ విసుగు పుట్టించింది. తిడితే తిట్టవచ్చు. తిట్టనివాళ్లను ఏం చేయాలి? సంఘంవాళ్లు డిస్కు కొంటామని తీర్మానం చేశారు. డిస్కు ఇంకా రాలేదు.

మళ్లీ ఒక మధ్యాహ్నం గాలి లేచింది. బోట్లు నీళ్లమీదే ఉన్నాయి, చిన్నా కూడా. జయశీల వెనక గదిలో కబుర్లు కొడుతోంది. ముందు గదిలో అలికిడైతే తొంగిచూసింది. తల్లి వచ్చింది. గోడకున్న క్యాలెండరు తీసి పక్కన పడేసి, మెయిన్ బోర్డు కింద స్టూలు వేసుకుని, దానికి వీపు ఆనించి కూర్చుంది. ఒళ్లో చేపలు కోసే కత్తిపీట ఉంది.

హజరత్తయ్య లోపలికొచ్చి, ఆమెను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"గాలి లేచింది చెంచమ్మా. మెయిన్..."

"బోట్లు దరికి రానీ" అంది చెంచమ్మ. "వచ్చినాక దాన్నడుగు. లోపల మూడూ ఆపినానని అది చెప్పినాక నేను లేస్తా."

వెనక గది వంక ఆమె చూడలేదు. జయశీల కూడా పిలవలేదు. కుర్చీలోకి పోయి, వచ్చిన కబురుకు జవాబు కొట్టింది.